ఇంగువ లేని రామెన్

మా ఆయన రిటైరైన రోజు సాయంత్రం మా అమ్మాయి సుప్రజ మమ్మల్నిద్దరినీ లాక్కెళ్ళి రామెన్ తినిపించింది. జపానువాళ్ళ వంటకమట. నన్నడిగితే, చారులో సేమ్యా ఉడకేసి, చారెడు పంచదార కలిపి, పైన ఇంత ఇంగువ కొట్టి గిన్నెడు ముందు పెట్టారు. ఉల్లి, వెల్లుల్లి లేవు. ఈ గుజరాతీల ఊళ్ళో, అందులోనూ అడాజన్ పేటలో హోటలు పెట్టినవాడు జైనుల్ని వదులుకుంటాడా? వాటి బదులే ఆ ఇంగువ.

"అమ్మా, పుల్లలతో తినాలి," అంటూ సుప్రజ రెండు పుల్లలు నా చేతిలో పెట్టింది.

"పుల్లలతో పొయ్యి అంటించడం వచ్చు నాకు. చెంచా తెమ్మను."

"పప్పా, మీరు చెప్పండి. ఎలా ఉంది? సచ్ బోలో."

ఆయన గిన్నె రెండు చేతులా ఎత్తి అడుగున మిగిలిన నీళ్ళు కూడా తాగేసి, మూతి తుడుచుకున్నారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. సుప్రజ మాత్రం సగం వదిలేసి, "బస్, జన్మలో ఇంకోసారి ఈ గడప తొక్కను," అంది. దానికి వడోదరలో ఉద్యోగం. మర్నాడు పొద్దున్నే రైలెక్కి వెళ్ళిపోయింది.

మా ఆయన సంగతి చెప్పాలి. శ్రీరాములుగారంటే రైల్వేలో క్యాటరింగ్ ఇన్‌స్పెక్టరు. రైళ్ళలో వంటపెట్టెలూ, ప్లాట్‌ఫారాల మీద స్టాళ్ళూ తిరిగి, రుచి చూసి, పప్పు పలచగా ఉంది, నూనె మరిగిందే మళ్ళీ మరిగించారు, బియ్యంలో మట్టిగడ్డలున్నాయి అంటూ రిమార్కులు రాయడమే ఉద్యోగం. ఆయన వస్తున్నారంటే వంటవాళ్ళ చేతుల్లో గరిటెలు వణికేవట. అలాంటి మనిషి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే నోరు తినడానికే తెరుస్తారు. పెళ్ళై ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో నా వంట గురించి ఒక్క మాట, మంచిదో చెడ్డదో, ఆయన నోట నేను వినలేదు.

క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్ళూ ఇది నన్ను అంత బాధించలేదు. ఎదురింట్లో ప్రమీల ఉండేది. కూర దింపగానే గిన్నెతో వచ్చి, "శేషారత్నం అక్కా, వంకాయ కూర వాసన మా గదిదాకా వచ్చేసింది, ఇంత పెట్టు," అనేది. తిని, వంకలు పెట్టి, మళ్ళీ పెట్టించుకునేది. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి అడాజన్‌లో ఫ్లాటుకొచ్చాం. అయిదో అంతస్తు. మంచివాళ్ళే అందరూ, కాదనను. లిఫ్టులో కనబడితే "కేమ్ ఛో?" అని కుశలమడుగుతారు, బాగానే ఉన్నానని "మజామా" అంటాను. తలుపు వేసుకుంటారు, నేనూ వేసుకుంటాను. ఆ తర్వాత సాయంత్రందాకా నాకు వినబడే గొంతు కుక్కరుదే.

ఆయన ఇంట్లో ఉంటారు కదా, ఇకనైనా కాస్త మనిషి అలికిడి ఉంటుందని ఆశపడ్డాను. ఎక్కడ? నెల తిరక్కుండానే కొత్త అలవాటు పట్టుకున్నారు. పొద్దున స్నానం, పేపరు, పదకొండు కొట్టేసరికి చొక్కా వేసుకుని, "అలా వెళ్ళొస్తాను," అని బయల్దేరడం. తిరిగి రావడం రెండింటికి. వచ్చి కంచం ముందు కూర్చుని కోడిపిల్లలా నాలుగు మెతుకులు గీరేవారు.

"ఎక్కడికి వెళ్తున్నారండీ రోజూ?"

"అలా."

"అలా అంటే?"

"అలాగే. కాళ్ళు సాగదీయాలిగా."

జూన్ వచ్చింది, వాన పట్టుకుంది. తాపీ నది మీంచి వచ్చే గాలికి వంటింటి కిటికీ రెక్క టపటపా కొట్టుకునేది. వానలో కూడా గొడుగేసుకుని వెళ్ళేవారు. నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషి నాలుక అసలు పనిచేస్తోందా లేదా తేల్చుకుందామని ఓరోజు కందిపప్పు ఉప్పు వెయ్యకుండా వండాను. మరిచిపోయి కాదు, కావాలనే. ఉప్పు డబ్బా అటకమీద పెట్టి మరీ వండాను.

వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఒక్క క్షణం ఆగింది. తలెత్తి నా మొహంలోకి చూశారు. హమ్మయ్య, అంటారు ఇప్పుడు, ఏమిటే ఇది ఉప్పు లేదూ అంటారు, నేనూ రెండు అంటాను, ఇంట్లో మాటన్నది పుడుతుంది అనుకున్నాను. ఆయన తల దించుకుని రెండో ముద్ద కలిపారు. రోజూ కంటే ఎక్కువే తిన్నారు ఆ వేళ. మారు కూడా వేయించుకున్నారు.

వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఉప్పులేని పప్పుకి ఏడ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయివుంటాను. నేను వండినా ఒకటే, వండకపోయినా ఒకటే. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనిపించింది. అలా అనిపించాక ఆ ఇంట్లో గోడలు కూడా నన్ను చూసి మొహం తిప్పుకున్నట్టుండేది.

సామర్లకోటలో ఉన్న మా చెల్లెలు పద్మారాణికి ఫోన్ చేశాను.

"వచ్చెయ్యవే అక్కా," అంది. "పైవాటా ఖాళీగానే ఉంది. ఇక్కడ పొద్దున్నే లేస్తే అరవడానికి నేనున్నాను, పోట్లాడ్డానికి మా అత్తగారుంది. పచ్చళ్ళు పెడుతున్నాను, చేతులు చాలట్లేదు. వస్తే మళ్ళీ వెళ్ళక్కర్లేదు. బావగారు రమ్మన్నప్పుడు చూసుకుందువుగాని."

రమ్మంటారా ఆయన? నవ్వొచ్చింది. ఆ సాయంత్రం ఆయన టీ తాగుతుంటే అడిగాను.

"పద్మ రమ్మంటోంది. వెళ్తే మరి ఉండిపోతానేమో. వెళ్ళనా?"

మిగిలిన టీ తాగి గ్లాసు కింద పెట్టారు. వద్దంటే ఆగిపోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఒక్క "వద్దు" చాలు. ఎందుకు వద్దో కూడా అడిగేదాన్ని కాదు.

"నీ ఇష్టం," అన్నారు.

అంతటితో ఊరుకున్నారా? వారం తిరక్కుండా స్టేషనుకి వెళ్ళి తనకి రావాల్సిన పాసు మీద నాకు టికెట్టు రాయించారు. కింది బెర్తు ఇప్పించారు. మందుల చీటీలు జిరాక్స్ తీయించారు. దుప్పటి పలచగా ఉందని కొత్తది కొన్నారు. పెళ్ళినాడు కూడా నా కోసం ఇంత హడావిడి పడలేదు ఆ మనిషి. పంపించెయ్యడానికి ఎంత ముచ్చటో అనుకుని, నేనూ పెట్టె దించి చీరలు సర్దడం మొదలెట్టాను.

ప్రయాణం ఇంకా నాలుగు రోజులుందనగా జాకెట్లు తెచ్చుకుందామని టైలరు దగ్గరికి బయల్దేరాను. జోరువాన. బీఆర్‌టీఎస్ బస్సు స్టాపు దగ్గర రోడ్డు దాటుతూ, అటు కాంప్లెక్సులో ఆ రామెన్ హోటలు అద్దంలోంచి చూద్దును కదా, మా ఆయన! ముందు గిన్నె. ఎదురుగా ఏప్రన్ కట్టుకున్న బట్టతల మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన మాట్లాడుతున్నారు. ఊరికే మాట్లాడ్డమా? చెయ్యి గాల్లో తిప్పుతున్నారు, వేలు గిన్నెకేసి చూపిస్తున్నారు, తల అడ్డంగా ఊపుతున్నారు, పగలబడి నవ్వుతున్నారు. ఆయన పైపళ్ళు నేను చూసి ఎన్నాళ్ళైందో.

గొడుగు కింద అలా నిలబడిపోయాను. ఆయన ఏ పేకాట క్లబ్బులోనో ఉన్నా ఇంత కోపం వచ్చేది కాదు. నాకు చెప్పని మాటలన్నీ మూట కట్టుకుని తెచ్చి, ఓ ముక్కూ మొహం తెలియని గుజరాతీవాడి సేమ్యా నీళ్ళ ముందు విప్పుతున్నారా? లోపలికి వెళ్ళి గిన్నె ఎత్తి బోర్లించాలనిపించింది. వెళ్ళలేదు. జాకెట్లు కూడా తెచ్చుకోలేదు. ఇంటికొచ్చి తడిచీరతోనే అన్నం వార్చాను.

రెండింటికి వచ్చారు. "వాన," అన్నారు గొడుగు మూలన పెడుతూ.

"అవును, వాన," అన్నాను.

ఆ రోజుకి మా సంభాషణ అంతే.

తర్వాత మూడు రోజులకి ఆయన పెన్షను కాగితాల పనిమీద పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళారు, సాయంత్రంగాని రానన్నారు. మర్నాడే నా రైలు. ఆయన అటు వెళ్ళగానే నేను ఇటు బయల్దేరాను. ఆ గిన్నెలో ఏముందో, నా కంచంలో ఏం లేదో చూడకుండా ఈ ఊరు విడిచి వెళ్ళకూడదనుకున్నాను.

మధ్యాహ్నం పూట ఆ హోటల్లో నేను తప్ప పురుగు లేదు. ఏప్రనాయన ఈగలు తోలుతున్నవాడల్లా లేచి వచ్చాడు. యజమానీ అతనే, వంటవాడూ అతనేనట. జిగ్నేశ్‌భాయ్ అని పేరు చెప్పాడు. రామెన్ తెమ్మన్నాను. తెచ్చాడు. చెంచా ముంచి నోట్లో పెట్టుకున్నాను. గొప్పగా ఏం లేదు. సేమ్యా మెత్తబడింది, తీపి ఇంకా ఉంది. కానీ మింగుడు పడింది. మొదటిసారి వచ్చినప్పుడు గుప్పుమన్న ఆ వాసన లేదు. ఇంకో చెంచా తాగాను. నిజం చెప్పద్దూ, మూడో చెంచాకి కాస్త బాగున్నట్టు కూడా అనిపించింది.

జిగ్నేశ్‌భాయ్ అక్కడే నిలబడి నా మొహం చూస్తున్నాడు. "ఎలా ఉంది బెన్? నిజం చెప్పండి, ఏమీ అనుకోను," అన్నాడు హిందీలో. బెన్ అంటే వాళ్ళ భాషలో అక్క.

"పోయినసారి కంటే నయం. ఏం మార్చారు?"

అతని మొహం విప్పారింది. "హింగ్ తీసేశాను. మీరు సౌత్‌వాళ్ళే కదా? మీ సౌత్ పెద్దాయన ఒకరు, కాకా అంటాను, రోజూ వస్తారు. రోజూ రావడం మొదలెట్టిన నాడే చెప్పారు, 'జిగ్నేశ్, ముందు హింగ్ తీసెయ్. ఆ వాసన నాకు చిన్నప్పట్నుంచీ పడదు,' అని."

హింగంటే ఇంగువ. అది మా ఆయనకి చిన్నప్పట్నుంచీ పడదా? మా అత్తగారు కాపురానికొచ్చిన మొదటి వారమే నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, "మావాడికి ఇంగువ లేనిదే ముద్ద దిగదమ్మా," అని ఇంగువ డబ్బా చేతికిచ్చింది. పప్పులో వేశాను, చారులో వేశాను, పులిహోరలో వేశాను. నాకా? నాకు ఆ వాసనంటే పరమ అసహ్యం. ముక్కు బిగబట్టుకుని ముప్ఫై ఏళ్ళు పోపు వేశాను.

"ఇంట్లో వాళ్ళావిడ వేస్తుందేమో కదా, మరి అక్కడెలా తింటారట?" అన్నాను, గొంతు మామూలుగా పెట్టి.

"నేనూ అడిగాను బెన్. కాకా అన్నారు, 'ఇంటి ఇల్లాలు వండి పెట్టినదానికి వంక పెడితే అన్నానికి వంక పెట్టినట్టు అని మా అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. బయటెలాగూ అదే పని కదా నీకు, ఇంట్లో మాత్రం నోరు మూసుకు తిను అంది,' అని. ఇప్పుడు డ్యూటీ లేదు కదా, నోరు దురద పెడుతోందట. నా దగ్గరికొచ్చి గోక్కుంటున్నారు." జిగ్నేశ్‌భాయ్ నవ్వాడు. "వాళ్ళావిడ గురించి, మా కాకీ గురించి, చెప్పేటప్పుడు మాత్రం చూడాలి. మా లైనులో రిమార్కు లేదంటే అదే ఫస్ట్‌క్లాస్ అంటారు. ముప్ఫై ఏళ్ళు ఒకే వంటిల్లు, ఒక్క రిమార్కు లేదు, ఇండియా మొత్తంలో చూపించు అంటారు."

ఆ సర్టిఫికెట్టు ఊళ్ళోవాళ్ళకి చూపించడమే గాని, నాకు చూపించాలని తోచలేదా ఈయనకి?

"కానీ పాపం, ఈ మధ్య దిగులుగా ఉన్నారు," అన్నాడతను గొంతు తగ్గించి. "కాకీ పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయిందట. ఎన్నడూ లేనిది. అడిగితే ఎక్కడ చిన్నబుచ్చుకుంటుందోనని అడగలేదట, అంతా తినేశారట. ఈ ఫ్లాటులో ఒంటరిగా ఉండి మనసు పాడైందేమో, ఏ జబ్బుకి మొదలో అని భయం. చెల్లెలి దగ్గరుంటే కుదుటపడుతుందని పంపిస్తున్నారు. పంపేసి మీరేం చేస్తారు కాకా అంటే, 'నీ దగ్గరే రెండు పూటలా తింటాను. నువ్వు మాట్లాడతావుగా,' అన్నారు."

గిన్నె పక్కకి జరిపి లేచాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అతని ముందు పడనిచ్చేదాన్ని కాదు నేను.

"తీపి ఇంకా తగ్గించండి," అన్నాను. "మీ కాకాతో చెప్పక్కర్లేదు గాని, కాకీకి ఏ జబ్బూ లేదు. నిక్షేపంలా ఉంది."

జిగ్నేశ్‌భాయ్ నోరు తెరుచుకుని చూస్తుండగానే బయటపడ్డాను.

దారంతా మా అత్తగారిని తిట్టుకున్నాను. పోయినావిడని తిట్టకూడదు, అయినా తిట్టుకున్నాను. కొడుక్కో మాట, కోడలికో మాట చెప్పి హాయిగా వెళ్ళిపోయింది మహాతల్లి. ఇంగువ ఇష్టం ఆవిడకే అయివుంటుంది. ఇంకాస్త ముందుకెళ్ళాక తిట్టడానికి ఓపిక లేకపోయింది. ఆవిడ చెప్పిందే అనుకుందాం. ఇన్నేళ్ళలో ఒక్కరోజు, "ఏవండీ, మీకు నిజంగా ఇంగువ ఇష్టమేనా?" అని నేనెందుకు అడగలేదు? ఆయనెందుకు చెప్పలేదు?

సాయంత్రం ఆయన తడిసి వచ్చారు. ఆకలి మీదున్నారు. అన్నం, పప్పు, బెండకాయ వేపుడు పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాక చెయ్యి ఆగింది. కంచంకేసి చూశారు. పప్పు వేలితో నాకి చూశారు. మళ్ళీ తినడం మొదలెట్టారు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు."

"ఆ రామెన్ ఆయనకి చెప్పినట్టు చెప్పండి."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా చూశారు.

"చెప్పండీ! ఇవాళ రిమార్కు రాయకుండా కంచం ముందునుంచి లేవడానికి వీల్లేదు."

"ఇంగువ వెయ్యలేదు," అన్నారు మెల్లగా.

"వెయ్యలేదు. ఎలా ఉంది?"

ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. తర్వాత, ఎంత మెల్లగా అన్నారంటే నేను వంగి వినాల్సొచ్చింది, "బాగుంది రత్నం. ఇన్నేళ్ళకి అన్నంలా ఉంది," అన్నారు.

"నాకూ పడదండీ ఆ ఇంగువ! వాసనకే వాంతొస్తుంది నాకు! మీకోసమని వేశాను!"

ఆయన కళ్ళజోడు తీసి చెయ్యి ఎంగిలన్న సంగతి కూడా మరిచిపోయి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వుతున్నారనుకున్నాను. నవ్వు కాదది. ముప్ఫై ఏళ్ళు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, ఇద్దరం ఒకరికోసం ఒకరం నచ్చనిది తిన్నాం. ఇందులో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక నాకు మరింత కోపమొచ్చింది.

"ఆ పప్పులో ఉప్పు కావాలనే మానేశాను," అన్నాను. "మీరు తిడతారని. తిట్టైనా వినబడుతుందని. నాకు పిచ్చీ లేదు, జబ్బూ లేదు. నన్ను వదిలించుకోవడానికి కింది బెర్తు ఇప్పించారనుకున్నాను."

"వదిలించుకోవడమా? నువ్వెళ్తే నాకు తోచదు."

"నాకు తోచకే కదండీ వెళ్తున్నది!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే పక్క ఫ్లాటు బెన్ తలుపు తీసిన చప్పుడైంది. వింటే విననీ అనుకున్నాను.

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. తువ్వాలుతో తుడుచుకోవడం అయ్యాక కూడా తుడుచుకుంటూనే ఉన్నారు. ఆ తువ్వాలు భుజాన వేసుకుని నా ఫోను తీసుకుని, కళ్ళజోడు సరిచేసుకుని నంబరు వెతికారు. పద్మ గొంతు నాదాకా వినబడుతోంది, అక్కా, ఎల్లుండి స్టేషనుకి ఎవర్ని పంపించను అంటోంది.

"అమ్మా పద్మా, నేను," అన్నారాయన. గొంతు సవరించుకున్నారు. "మీ అక్క రావట్లేదు. ... లేదమ్మా, ఒంట్లో బానే ఉంది. ... కాదు కాదు, తను మానుకోలేదు. నేనే వద్దన్నాను."